ఒకే రంగులో ముంచిన మేజోళ్ళు

పాదాలకు ఆసరా చెప్పులు, పట్టీలు తయారుచేసే పని నేర్చుకుంటున్న యువకులు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నా, నా కొలబద్దలు, కత్తెరలు, రబ్బరు షీట్లు ఇంకా బల్ల మీదనే ఉన్నాయి కనుక వారి కళ్ళకు నేను సెలవులో ఉన్న ఉద్యోగిలాగానే కనిపిస్తానేమో. వారు చివరికి అడిగే ప్రశ్న ఒకటే: మీ చేతిమీదుగా వెళ్ళినవాటిలో అన్నిటికన్నా కష్టమైనది ఏది? వంకర తిరిగిన పాదానికి చేసిన బూటు గురించో, వేళ్ళు పోయిన కాలికి చేసిన చెప్పు గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను చెప్పేది ఒక జత మేజోళ్ళ సంగతి. వాటిలో తోలు లేదు, ఇనుప బద్ద లేదు. కత్తిరించి కుట్టడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది. కాని ఆ జత ఎవరి కాళ్ళకు ఉందో తెలిసినప్పుడు కోరుట్ల రోడ్డు మీద నేను పడ్డ కలవరం నా ఉద్యోగకాలమంతటిలో మరొకటి లేదు.

ప్రతి పనికీ తేదీ వేసి రాసుకోవడం నా అలవాటు. ఈ పనికి కూడా వేశాను. ఇక్కడ మాత్రం తేదీగాని, పేర్లుగాని రాయడం లేదు. ఆ మనుషులు ఇప్పటికీ జగిత్యాల వీధుల్లో కోలలు పట్టుకొని తిరుగుతున్నవారే. ఎండాకాలమని, ఆంజనేయస్వామి మాలలు నడుస్తున్న రోజులని చెబితే చాలు.

మాది ఒక ధర్మాసుపత్రిలో పాదాల విభాగం. విభాగమన్న మాట పెద్దది, ఉన్నది ఇద్దరమే. కొలతలు తీసి చెప్పులు చేసేది నేను, పుండ్లు కడిగి కట్లు కట్టేది ఒక నర్సు. సోమవారం జగిత్యాల, బుధవారం కోరుట్ల, శుక్రవారం సిరిసిల్ల; మిగిలిన రోజులు పనిగదిలో. చక్కెర వ్యాధి వల్ల పాదాల్లో స్పర్శ పోయినవారే మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవారు. ఇతర జబ్బుల్లో నొప్పి శత్రువు. ఇక్కడ నొప్పి కాపలాదారు, ఆ కాపలాదారు లేచిపోయిన ఇల్లే పాదం. చెప్పులో గులకరాయి ఉన్నా రోజంతా నడిచేవారు. సాయంత్రం చెప్పు విప్పి, నెత్తుటి మరక ఎక్కడిదా అని ఇల్లంతా వెతికేవారు.

నర్సుకు నోరు చురుకు, చేయి మెత్తన. కట్టు విప్పుతున్నంతసేపూ రోగిని ఏదో ఒకటి అని నవ్విస్తుంది, లేదా కోపం తెప్పిస్తుంది. ఏ పద్ధతైనా పుండు మీద నుంచి మనసు మళ్ళితే చాలునని ఆమె వాదన. నన్ను కూడా ఆమె రోగుల కోవలోనే లెక్కకట్టేది. కొలిచిన పాదాన్ని మళ్ళీ కొలుస్తానని, వేసిన తాళాన్ని మళ్ళీ లాగి చూస్తానని ఎగతాళి చేసేది. అబద్ధం కాదు. నేను భయస్తుణ్ణి. ఈ పనిలో భయం పనిముట్టు వంటిదని ఇప్పటికీ అనుకుంటాను.

ఒక సోమవారం జగిత్యాలలో ఒకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, నిటారుగా నడుస్తుంది, గొంతు ఖంగుమంటుంది. పట్టణంలో నాలుగైదు వాడల ఆడవాళ్ళకు కోలాటం నేర్పుతుంది. మల్యాల, పెగడపల్లి నుంచి కూడా పిలుపులు వస్తాయి. భర్త లేడు, ఆ నేర్పడం మీదనే ఆమె బతుకు. ఏడాది కింద కుడి బొటనవేలి అడుగున పుండు పడి చాలా కాలానికి మానింది. మానిన చోట తోలు పలచగా, మెరుస్తూ ఉంది. 

స్పర్శ పరీక్షకు మేము సన్నని నైలాన్ పోగు వాడతాం. కళ్ళు మూసుకోమని, తగిలినప్పుడల్లా చెప్పమని అడుగుతాం.

"తగిలినప్పుడు చెప్పక్కా" అన్నాను.

"ముట్టియ్యి మరి" అంది కళ్ళు మూసుకొని.

అప్పటికే నేను కుడిపాదం అంతా తిరిగి వచ్చాను. నర్సు నా వైపు చూసింది. నేను ఎడమపాదం మొదలుపెట్టాను.

"ఏంది సారూ, ముట్టిస్తలెవ్వు. చాయ్ తాగొచ్చినంక ముట్టిస్తవా?" అంది ఆమె.

మడమ దగ్గర మాత్రం కొంచెం తెలిసింది. మునికాళ్ళు రెండూ మొద్దుబారి ఉన్నాయి. కోలాటంలో బరువంతా పడేది మునికాళ్ళ మీదనే. ఎగిరి దిగినప్పుడల్లా ఆ పలచని తోలు మీద ఎంత దెబ్బ పడుతుందో ఊహించుకుంటూ, పోగుతో మునికాళ్ళను మళ్ళీ ఒకసారి ముట్టి చూశాను.

"ఎక్కడ ఆడుతరక్కా మీరు?"

"ఎక్కడేంది? రోడ్ల మీద. ఊరేగింపు ఎటు వోతె అటు. సీసీ రోడ్డు, డాంబర్ రోడ్డు, గుడి ముంగట బండలు."

"ఉత్తకాళ్ళతోనా?"

"దేవుని ముంగట చెప్పులేసుకుంటరా?"

నర్సు దూది పక్కన పెట్టింది. "ఆడుడు బంజెయ్ మరి."

"ఆడకుంటె తినుడెట్ల?"

"కాలు దీసేస్తె ఆడుడెట్ల?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తరువాత ఇద్దరికీ నవ్వు వచ్చింది. నాకు రాలేదు. అదే నెలలో కోరుట్లవారు ఆమె కోలాటం జట్టును ఆంజనేయుని ఊరేగింపుకు పిలిచారట, పొద్దటి ఊరేగింపు. ఎండెక్కిన సిమెంటు రోడ్డు మీద ఉత్తకాళ్ళతో ఆ మనిషి దిగితే ఏమవుతుందో నేను చెప్పాను. మా ఆసుపత్రి డాక్టరు కూడా చెప్పారు. ఆమె అన్నీ విన్నది. "ఈ ఒక్కటి అయినంక మానుకుంట" అన్నది. మా దగ్గరికి వచ్చినవారిలో ఆ మాట అననివారు తక్కువ.

ఆ వారం మల్యాల మీదుగా బస్సులో వెళుతుండగా కిటికీలో నుంచి మాలధారులను చూశాను. కొండగట్టుకు కాలినడకన వెళుతున్నారు. మాలలో ఉన్నవారికి చెప్పులు నిషేధం. అయితే చాలామంది కాళ్ళకు మేజోళ్ళు ఉన్నాయి. డాంబరు కాలుతుంది కనుక మేజోళ్ళకు ఎవరూ అడ్డు చెప్పరు; అవి చెప్పులు కావు, గుడ్డ. బస్సు దిగేలోగా నా మనసులో కొలతలు వేసుకోవడం అయిపోయింది.

లేత పసుపు గుడ్డతో మేజోడు. అడుగున రెండు పొరల గుడ్డ నడుమ చక్కెర రోగుల చెప్పులకు వాడే మెత్తని ఎంసీఆర్ రబ్బరు. కుడి మేజోడులో, మానిన పుండు వచ్చే చోట రబ్బరును చెక్కి చిన్న పల్లం చేశాను; దాని వెనుక బరువును మోసేందుకు సన్నని దిండు. పల్లం ఒక్క మిల్లీమీటరు ముందుకు జరిగినా దాని అంచు వెళ్ళి పుండు చోటనే ఒత్తుతుంది కనుక ఆమె పాదముద్ర మీద పెట్టి మళ్ళీ మళ్ళీ సరిచూశాను. పక్కన నర్సు ఆవులించింది.

ఆమె వాటిని తొడుక్కొని గదిలో రెండు అడుగులు వేసి చూసింది. తరువాత నేను ఊహించని మాట అన్నది.

"అందరికి గావాలె సారూ."

"ఎవరికి?"

"మా జట్టు అందరికి. నాకొక్కదానికే ఉంటె ఎందుకని అడుగరా? నా కాళ్ళు మొద్దువడ్డయని తెలిస్తె, పాపం అక్క, నువ్వు కూసో అక్క అని మూలకు కూసవెడ్తరు. కూసున్నదాన్ని నేర్పుమని ఎవరు పిలుస్తరు? ఇంకోటి, కోలాటమంటెనే ఒక్కతీరు. చీరలొక్కతీరు, రైకలొక్కతీరు, గాజులొక్కతీరు. కాళ్ళొక్కటి యేరె ఉంటయా?"

ఆ పట్టుదలను కాదనే శక్తి నాకు లేకపోయింది. సిరిసిల్లలో మాకు పట్టీలు కుట్టిచ్చే ఒక దర్జీ ఆవిడ ఉంది. అదే గుడ్డతో, అడుగున మామూలు పలుచని స్పాంజితో మిగతా జట్టుకు ఆమె కుట్టి ఇచ్చింది. పైకి చూస్తే అన్నీ ఒకటే. ఆమె జతకు ఏదైనా గుర్తు పెడతానన్నాను. పైకి కనిపించేది వద్దన్నది. చివరికి లోపలి మడతలో తెల్లదారంతో రెండు అడ్డకుట్లు వేశాను. చేతిలోకి తీసుకొని తిప్పి చూస్తే తప్ప తెలియదు. ఆమెకు చూపించాను, నర్సుకు చూపించాను, నేను చూసుకున్నాను.

సాధన అయిన తరువాత రెండు సోమవారాలు పాదాలు పరీక్షించాం. ఎర్రదనం లేదు, వేడి లేదు. "ఇగనన్న నిద్రవో సారూ" అంది నర్సు. నాకు ఆ రెండు వారాలు నిద్ర పట్టిన మాట నిజం.

ఊరేగింపు మంగళవారం పడింది. అది మా కోరుట్ల రోజు కాదు. అయినా వెళదామనుకున్నాను. నర్సుకు చెబితే తానూ వస్తానంది.

"నువ్వెందుకు సిస్టరమ్మా, ఎండల?"

"నువ్వొక్కనివి వోయి ఆడోళ్ళ కాళ్ళు జూసుకుంట ఎంబడి తిరిగితె తంతరు. నేనుంటె గదో, దవాఖానోళ్ళని ఇడిసివెడ్తరు."

ఊరేగింపు పొద్దున్నే అన్నారు. ప్రారంభించవలసిన పెద్దమనిషి ఆలస్యంగా వచ్చాడట. కదిలేసరికి ఎండ నెత్తికెక్కింది. మా బస్సు కూడా ఆలస్యమే. మేము చేరేటప్పటికి బాజాలు పట్టణం నడుమకు వచ్చేశాయి. ముందు మైకుసెట్టు కట్టిన ట్రాలీ ఆటో, దాని వెనుక కోలాటం, ఆ వెనుక రథం. ఒక కూడలిలో జట్టు ఆగి మజ్జిగ తాగుతున్నది. నేను దూరం నుంచే కాళ్ళు చూశాను. నా అడుగు ఆగిపోయింది.

మేజోళ్ళన్నీ సింధూరం రంగులో ఉన్నాయి. లేత పసుపు ఒక్కటి కూడా లేదు.

మా దగ్గరికి వచ్చే ఆవిడ, ఆ జట్టు నాయకురాలు, రథం దగ్గర కమిటీవారితో మాట్లాడుతున్నది. ఆమెకు ఎప్పుడూ జోడీగా ఆడే ఆవిడ, బీడీలు చేసే మనిషి, గట్టి శరీరం, గట్టి నవ్వు, మా దగ్గరలోనే మజ్జిగ ప్యాకెట్ కొరుకుతున్నది. నర్సు ఆమెను పట్టుకున్నది.

"రంగెప్పుడేసిన్రే?"

"నిన్న, సిరిసిల్లల. చీరలు సింధూరం, కాళ్ళు పసుపు. గదేం ముచ్చట, కోళ్ళ తీరుగున్నయని నేనే అన్న. అన్నీ గుంజుకొని మూట గట్టుకపోయి ఒక్క గంగాళంల ముంచిచ్చుకొచ్చిన. సల్లనీళ్ళ రంగే, ఏం గాలె. ఎంత ఒక్కతీరున్నయో జూడు." ఆమె గర్వంగా కాలు ముందుకు చాపింది.

"మల్ల ఎవరియి వాళ్ళకెట్ల దెల్సినయి?"

"తెలుసుడేంది? కుప్ప వోసినం. ఎవరి కాళ్ళకు బట్టినయి వాళ్ళం తొడుక్కున్నం."

తెల్లదారం రంగు తాగింది. లేత పసుపు గుడ్డ మీద తెల్లదారం ఎంచుకున్న నా తెలివిని తలచుకోవడానికి అప్పుడు తీరిక లేదు. స్పర్శ ఉన్న కాలు తనది కానిదాన్ని వెంటనే తిప్పికొడుతుంది: బిగుతైతే చెబుతుంది, వదులైతే చెబుతుంది. మొద్దుబారిన కాలికి పట్టనిదంటూ ఉండదు. ఆ కుప్పలో అందరూ ఏరుకోగా మిగిలిన జత ఏదైనా సరే, ఆమెకు సరిపోయినట్టే ఉంటుంది.

"నీయి మంచిగ వట్టినయా?" అని అడిగాను.

"నాయా? ఇయ్యాల మస్తున్నయి సారూ. పరుపు మీద దున్కినట్టున్నది. సాధనప్పుడు గింత మెత్తగ లేకుండె. రంగుల ముంచితె ఉబ్బినయేమొ. కుడికాలు కింద ఒక్క గుంత తీరుగున్నది గని, అలవాటైంది."

నర్సు చేయి నా మోచేతి మీద పడింది. ఆ సమయంలోనే బాజా మోగింది. జోడీ ఆవిడ ప్యాకెట్ పారేసి పరుగెత్తింది. నాయకురాలు రథం దగ్గర నుంచి నేరుగా వలయంలోకి వెళ్ళి కోలలు ఎత్తింది. మేము నాలుగు అడుగులు వేసేలోగా పాట మొదలైంది.

యువకులారా, ఇక్కడ నా స్థితి మీకు స్పష్టంగా తెలియాలి. ఆమె కాళ్ళకు ఉన్నది స్పాంజి మేజోడు. పల్లం లేదు, దిండు లేదు. అది ఎవరో చిన్నకాలు మనిషిదైతే వేళ్ళ దగ్గరి కుట్టు కూడా ఒత్తుతూ ఉంటుంది. కింద రోడ్డు కాలుతున్నది. నేను వెళ్ళి ఆపాలి. ఆపితే, ఎందుకు ఆపానో అంత జనంలో చెప్పాలి. ఆమె ఇన్నాళ్ళు దాచుకున్నది, ఆమె బతుకుతెరువు ఆధారపడినది, అది ఒక్కటే. ఆపకపోతే ప్రతి చరణానికీ ఆ పలచని తోలు ఎన్నిసార్లు నేలను కొడుతుందో నేను లెక్క మొదలుపెట్టి భయంతో వదిలేశాను.

వలయం పక్కనే నడవసాగాను. తల దించి, ఆమె కుడికాలు మీదనే చూపు పెట్టి. కోలాటంలో మనుషులు స్థానాలు మారుతారు. ఒకే చీర, ఒకే మేజోడు. రెప్ప వేస్తే ఆమె కాలు ఏదో తెలియకుండా పోతుంది. మళ్ళీ వెతుక్కోవాలి. మడమ దించుతున్నదా, లేదా? అడుగు పక్కకు పడుతున్నదా? ఏమీ తేడా లేదు. అందరికన్నా ఎత్తుగా ఎగురుతున్నది. అందరికన్నా బలంగా దిగుతున్నది. కుంటితే కొంచెం ధైర్యంగా ఉండేది. ఒకసారి నన్ను చూసింది. చేయి ఊపాను. ఆమె నవ్వి, నన్ను గౌరవించినట్టుగా కోలలు ఇంకొంచెం ఎత్తింది.

ఎవరో నా భుజం పట్టి వెనక్కి లాగారు. మెడలో కమిటీ కండువా ఉన్న యువకుడు.

"ఏ సారూ, ఆడోళ్ళ నడుమ నీకేం పని? పక్కకు జరుగు."

"ఆమె కాలు..." అన్నాను.

"సూస్తున్నగద, అప్పటిసంది కాళ్ళే సూస్తున్నవ్."

చుట్టూ నవ్వులు. ఏం చెప్పినా ఆమె సంగతి బయటపడుతుంది. నేను పక్కకు జరిగాను. అప్పుడు నర్సు చీర కొంగు బిగించి వలయంలోకి నడిచింది. ఒక కోల ఆమె మోచేతికి తగిలింది. "మెల్లగనే" అన్నది గాని ఆగలేదు. నాయకురాలి వెంట నాలుగు అడుగులు వేస్తూ చెవిలో ఏదో చెప్పింది.

నాయకురాలు పాట ఆపలేదు. గొంతులో వణుకు కూడా లేదు. తల ఊపింది, అంతే. చరణం పూర్తయ్యేవరకు ఆడింది. ఆ మిగిలిన చరణం ఎంత సేపు సాగిందో నేను చెప్పలేను. ప్రతిదానికీ గడియారం చూసే అలవాటున్న నేను ఆ ఒక్కసారి చూడలేదు.

మూసి ఉన్న ఒక బట్టల దుకాణం మెట్ల మీద ఆమెను కూర్చోబెట్టాం. నర్సు కొంగు అడ్డం పట్టింది. నేను కుడి మేజోడు విప్పాను. విప్పడం కష్టమైంది, వేళ్ళ దగ్గర బిగుసుకొని ఉంది. ఎవరో చిన్నపాదం మనిషిది. లోపల తడి.

పాదమంతా సింధూరం రంగు. కొత్త రంగు చెమటకు దిగి, మడమ నుంచి వేళ్ళ దాకా అంటుకుపోయింది. మేము మొదట వెతికేది ఎర్రదనం. అంతా ఎర్రగా ఉన్నచోట ఎర్రదనం ఎలా వెతకాలి? చేతి వెనుకభాగంతో వేడి చూశాను. రోడ్డు మీద నుంచి వచ్చిన కాళ్ళు, రెండూ కాలుతున్నాయి. తడి చెమటదో, నెత్తురుదో తెలియదు. దూది ఒత్తి చూస్తే దూదికి కూడా సింధూరమే అంటింది.

"నీళ్ళు" అన్నాను. నర్సు తన తాగునీటి సీసా వంచింది. రంగు మెట్ల మీద కాలువ కట్టింది. ఇంకొంచెం పోసింది. మానిన పుండు చోటు బయటపడింది. ఆ చోట, పలచని తోలు కింద, శనగగింజంత బొబ్బ. అందులో నీరు లేదు. నల్లని నెత్తురు ఉంది. పైతోలు ఇంకా పగలలేదు. కాని ఇంకొక చరణం ఆడి ఉంటే పగిలేది. దాని కింద ఎంత లోతుగా చెడిందో అప్పుడు ఎవరూ చెప్పలేరు.

నేను మెల్లగా తల ఎత్తాను. ఆమె తన పాదం వైపు చూడడం లేదు. నా ముఖం వైపు చూస్తున్నది.

మా పనిలో చేరినవారికి మొదట చెప్పే జాగ్రత్తలలో ఒకటి, పుండు చూసినప్పుడు ముఖం కదలనివ్వకూడదని. రోగి హడలిపోతాడని. నేను దాన్ని బాగా సాధన చేసినవాణ్ణి. అప్పుడూ అలాగే ఉంచాను.

"గట్ల వెట్టకు సారూ" అంది.

"ఎట్ల?"

"మొకం. గోడ తీరుగ." ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. "నా కాలు నాకేం చెప్పది. దవాఖానల నువ్వు కాలు జూస్తుంటె నేను నీ మొకం జూస్తుంట. మంచిగున్నదో లేదో అండ్లనే తెలుస్తది. గదిగూడ బందువెడితె నేనెట్ల తెలుసుకోవాలె?"

ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అలా అడగలేదు. ముఖాన్ని వదిలేశాను. అందులో ఏం కనిపించిందో నాకు తెలియదు. ఆమె చాలాసేపు చూసింది.

"గంతనా" అంది చివరికి.

"గంతనే" అంది నర్సు. ఎగతాళి లేని ఆమె గొంతు నేను విన్నది అప్పుడే.

నాయకురాలు రాలేదని జోడీ ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది. ఒగరుస్తూ నిలబడి పాదం చూసింది, తన కాళ్ళు చూసుకున్నది, మళ్ళీ పాదం చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆమెకు సగం అర్థమైనట్టుంది. మెట్టు మీద కూలబడి తన మేజోళ్ళు లాగేయడం మొదలుపెట్టింది.

"ఇయి నీయా అక్కా? నాకెందుకు చెప్పలేదు? తొడుక్కో. నేను ఉత్తకాళ్ళతోని ఆడుత."

"ఉండనియ్. నాకిప్పుడు ఏది తొడిగినా ఒక్కటే."

"నేనే గద ముంచిచ్చింది."

"నువ్వు ముంచినవ్, నేను చెప్పకపోతి. ఊకో ఇగ. నాకు కాళ్ళల్ల స్పర్శ లేదే. రెండేండ్లాయె. మొద్దుల మీద ఆడుతున్న. పోయి అందరికి చెప్పు. నువ్వు చెప్పకున్నా ఇగ దాగుతదా?"

జోడీ ఆవిడ కదలలేదు. "మొద్దుల మీదనే మమ్ముల గంత ఉరికిచ్చినవా?" అంది. కళ్ళు తుడుచుకుంటూ అన్న మాట అయినా నాయకురాలికి నవ్వు తెప్పించింది.

ఆ బొబ్బ నాలుగో రోజున పగిలింది. ఆమె నెలల తరబడి ఆ కాలు నేల మీద మోపలేదు. వానలు వెనుకబట్టేదాకా నర్సు వాళ్ళింటికి వెళ్ళి కట్లు మార్చింది. కాలు దక్కింది. మళ్ళీ ఆమె రోడ్డు మీద ఆడలేదు. అయితే నేర్పడం మానలేదు. కుర్చీలో కూర్చొని నేర్పేదాన్ని ఎవరూ పిలవరన్న ఆమె లెక్క తప్పింది. ఈ వివరాలన్నీ వైద్యానికి సంబంధించినవి. మీకు చెప్పవలసింది ఇంకా ఆ మెట్ల మీదనే ఉంది.

బాజా వాయించేవారు తొందరపెడుతున్నారు. రథం ఆగిపోయింది. జట్టు పాట లేక దిక్కులు చూస్తున్నది. పాట ఎత్తేది ఆమె ఒక్కతే. కండువా యువకుడు మా దగ్గరికి వచ్చాడు. కొంగు చాటున కడిగిన పాదం చూశాడు, నన్ను చూశాడు.

"పాట నిలవడ్డది పెద్దమ్మా, ఎట్ల మరి?" అన్నాడు మెల్లగా.

"నన్ను గా ఆటో ఎక్కియ్యిన్రి" అంది ఆమె. "కాలుకు గద జబ్బు. గొంతుకు గాదు."

అతనూ నేనూ చేతులు కలిపి పీటలాగా పట్టి ఆమెను మోసుకొని ట్రాలీ ఆటోలో, మైకు పక్కన కూర్చోబెట్టాం. పొడి గుడ్డలో చుట్టిన పాదాన్ని నా సంచి మీద పెట్టాను. సంచి కదిలితే ఒరుసుకుంటుందని నేనూ ఎక్కి, మడమను రెండు చేతులా పట్టుకొని కూర్చున్నాను. నర్సు గొడుగు పట్టింది. ఆమె మైకు అందుకొని పాట ఎత్తింది. వలయం కదిలింది. జోడీ ఆవిడ ఎదురుగా ఎవరూ లేని చోట గాలిలోనే కోలలు కొడుతూ, ఒకరున్నట్టే తప్పుకుంటూ ఆడుతున్నది. కొందరి అడుగులు తడబడుతున్నాయి. మాటిమాటికీ ఆటో వైపే చూస్తున్నారు.

నేను కూడా వాళ్ళనే చూస్తున్నట్టున్నాను. పాట నడుమ ఆమె మైకు పక్కకు తీసి నా వైపు వంగింది.

"సారూ, గటు జూడకు. నువ్వు నా కాలు జూడు. వాళ్ళ కాళ్ళు నేను జూస్త."

తరువాత మైకు నోటి దగ్గరకు తెచ్చి, తాళం తప్పిన మూడో జోడీని గట్టిగా మందలించింది.